ఫుట్‌బాల్ పోటీకి రైలు ప్రయాణం – పిల్లల్లో ఆపకూడని వేగాలు

ఆట చూచిన పిల్లవాడికే ఆడాలన్న కోరిక పుడుతుంది. కానీ కర్నూలు, కడప ప్రాంతాల వారు పెద్ద ఫుట్‌బాల్ పోటీని కళ్ళారా చూడాలంటే చాలాసార్లు రైలెక్కక తప్పదు. కర్నూలు వారికి ఉత్తరాన హైదరాబాదు, దక్షిణాన బెంగుళూరు; కడప వారికి రేణిగుంట మీదుగా చెన్నై. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి స్వర్ణ పతకాలు సాధించిపెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు వారే. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు, అదే సంవత్సరం డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ తుది పోటీ ఆ నగరంలోని గచ్చిబౌలి మైదానంలో జరిగాయి. బెంగుళూరు శ్రీ కంఠీరవ స్టేడియం, చెన్నై జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఫుట్‌బాల్ అభిమానులకు సుపరిచితాలే.

ఇంత దూరం ఉత్సాహంగా వెళ్ళివచ్చిన బిడ్డ మరునాడు నీరసించి పడుకుంటే, ఎండ దెబ్బ అనో, దిష్టి తగిలిందనో పెద్దలు అనుకుంటారు. చాలా సందర్భాలలో అసలు కారణం వేరు. దప్పిక, ఆకలి, మూత్రం, నిద్ర – వీటిని బిడ్డ గంటల తరబడి ఆపుకొని ఉంటాడు.

శాస్త్రం ఏమి చెబుతున్నది?

చరక సంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం పేరే 'న వేగాన్ ధారణీయం'. శరీరంలో సహజంగా పుట్టే 13 వేగాలను బలవంతంగా ఆపరాదని అందులో చెప్పబడింది. మలమూత్రాలు, ఆకలి, దప్పిక, నిద్ర, ఆవులింత, వాంతి, కన్నీరు, శ్రమ వలన కలిగే ఆయాసం వీటిలో ఉన్నాయి. ఆపినకొద్దీ వాతం ప్రకోపిస్తుందని ఆయుర్వేద సిద్ధాంతం. వర్షం, నీరు, చెట్టుచేమ తక్కువగా ఉండే నేలను శాస్త్రం జాంగల దేశమన్నది. అక్కడ వాతం సహజంగానే అధికం. రాయలసీమ అటువంటి నేల. పెద్దలు తమ ఇబ్బందిని నోటితో చెప్పగలరు. పిల్లలు, ముఖ్యంగా ఆటలో లీనమైన పిల్లలు, చెప్పరు. కనుక అడగకముందే గమనించవలసిన బాధ్యత తల్లిదండ్రులదే. మూడేళ్ళు నిండని బిడ్డను ఇటువంటి ప్రయాణానికి తీసుకువెళ్ళకపోవడమే మేలు.

దప్పిక

పొడిగాలిలో చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. అందువలన కర్నూలు నుండి కిటికీ పక్కన కూర్చుని వెళ్ళే బిడ్డ ఎంత నీరు కోల్పోతున్నాడో పైకి కనిపించదు. చెన్నైలో ఇందుకు విరుద్ధం. సముద్రపు తేమ వలన చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. రెండు చోట్లా దప్పిక వేసేదాకా ఆగకూడదు. అరగంటకొకసారి కాచి చల్లార్చిన నీరు నాలుగైదు గుక్కలు తాగించాలి. జీలకర్ర వేసి కాచిన నీరు కూడా మంచిది. పలుచని మజ్జిగ ఇంటి నుండి బయలుదేరే ముందు ఇవ్వవచ్చు గాని, వేడికి పులిసిపోతుంది కనుక రోజంతా దాచి ఇవ్వరాదు. చాలా మైదానాల్లోకి నీళ్ళ సీసాలు తీసుకుపోనివ్వరు. ద్వారం దగ్గర బిడ్డకు తృప్తిగా తాగించి, లోపల నీరు ఎక్కడ దొరుకుతుందో కూర్చునే ముందే తెలుసుకోవాలి.

ఆకలి, వాంతి

ఆకలిని ఆపితే నీరసం, ఒళ్ళునొప్పులు, తల తిరగడం కలుగుతాయని చరకుడు చెప్పాడు. బయలుదేరే ముందు రాగి జావ గాని, కారం లేని ఉగ్గాణి గాని పెట్టాలి. ఉగ్గాణి తోడు మిరపకాయ బజ్జీలు ఆనాడు పెద్దలు కూడా మానుకుంటే మంచిది. దారిలోకి ఇడ్లీ, అరటిపండు చాలు. వేరుశనగ గింజలు సీమలో ప్రతి చేతిలోనూ ఉంటాయి. ఐదేళ్ళలోపు పిల్లలకు వాటిని గింజలుగా ఇవ్వరాదు. కదిలే రైలులో, కేకల మధ్య అవి గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది.

ప్రయాణంలో వికారం పుట్టే పిల్లలను రైలు పోయే దిక్కుకు ముఖం పెట్టి కూర్చోబెట్టి, దూరాన ఉన్న కొండలను చూడమనాలి. ఫోను ఇవ్వరాదు. నిమ్మతొక్క వాసన, చిటికెడు శొంఠిపొడి కలిపిన బెల్లం కొందరికి ఉపశమనం ఇస్తాయి. వాంతి వస్తే ఆపుకోమని గద్దించరాదు. వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పొట్లాన్ని దానిపై చెప్పిన కొలత ప్రకారం కలిపి ఇవ్వాలి. అది దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో 6 సమతల చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా. ఉప్పు కొలత మించకూడదు. అట్టపెట్టెలలో అమ్మే పండ్ల పానీయాలు దీనికి ప్రత్యామ్నాయం కావు.

మలమూత్రాలు

రైలు మరుగుదొడ్డి అంటే చాలామంది పిల్లలకు భయం, అసహ్యం. "స్టేషను వచ్చేదాకా ఆగు" అనడం మనకు అలవాటు. మూత్రాన్ని ఆపితే పొత్తికడుపు నొప్పి, మూత్రకృచ్ఛ్రం, తలనొప్పి కలుగుతాయన్నది శాస్త్రవచనం. పదేపదే ఆపుకునే పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం హెచ్చని ఆధునిక వైద్యమూ అంటున్నది. రెండు గంటలకొకసారి తోడుగా తీసుకువెళ్ళాలి. ఆటలో 45 నిమిషాల చొప్పున రెండు భాగాలు, నడుమ 15 నిమిషాల విరామం ఉంటాయి. విరామంలో అందరూ ఒక్కసారే లేస్తారు. మొదటి భాగం ముగియడానికి ఐదు నిమిషాల ముందే బిడ్డను తీసుకువెళితే వరుసలో నిలబడే బాధ తప్పుతుంది.

నిద్ర, కన్నీరు

రాత్రి 7.30కు మొదలైన ఆట 9.30కు ముగుస్తుంది. పిల్లలు అప్పటికే ఆవులిస్తుంటారు. ఆ తరువాత స్టేషను చేరాలి. గచ్చిబౌలి నుండి కాచిగూడ చేరడానికే చాలా సేపు పడుతుంది. అందుచేత పోటీనాటి మధ్యాహ్నం గంటసేపు నిద్రపుచ్చాలి. ఐదేళ్ళు నిండని పిల్లలకు రైలులో టిక్కెట్టు లేదు గాని, బెర్తూ ఉండదు. ఐదు నుండి పన్నెండేళ్ళలోపు వారికి బెర్తు కావాలంటే 2016 ఏప్రిల్ నుండి పూర్తి చార్జీ చెల్లించాలి. తిరుగు ప్రయాణానికైనా ఆ ఖర్చు పెట్టడం వైద్యుని ఖర్చు కన్న తక్కువే. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలపు రాత్రి స్వెట్టరు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి.

డప్పులు, ఈలలు, వేలమంది అరుపులకు బిడ్డ బెదిరి ఏడిస్తే "మగపిల్లవాడివి, ఏడవకు" అనరాదు. కన్నీరు కూడా ఆపరాని వేగమే. కాసేపు జనానికి దూరంగా తీసుకువెళ్ళి, ఒడిలో కూర్చోబెట్టుకోవాలి. చెవుల్లో దూది పెట్టినందువలన పెద్ద శబ్దం ఆగదు. చెవులను మూసే ఇయర్‌మఫ్‌లు వాడాలి. తప్పిపోయే ప్రమాదం ఉన్నది గనుక బిడ్డ జేబులో తల్లిదండ్రుల ఫోను నంబరు వ్రాసి ఉంచాలి. రైల్వే సహాయానికి 139, పిల్లల సహాయానికి 1098.

ఎప్పుడు వైద్యుని చూడాలి?

ఆరు గంటలు దాటినా మూత్రం రాకపోవడం, నోరెండిపోవడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, మగతగా ఉండడం, ఒళ్ళు కాలిపోతూ మాట తడబడడం – ఇవి ఇంటి చిట్కాలకు లొంగేవి కావు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఆపవలసిన వేగాలు

అదే అధ్యాయంలో ఆపవలసిన వేగాలను కూడా చరకుడు చెప్పాడు. లోభం, కోపం, ఈర్ష్య వంటి మనోవేగాలు అవి. ఆట సమంగా ఉండి, చివరి పది నిమిషాలు మిగిలినప్పుడు బిడ్డ "నాన్నా, ఇంటికి పోదాం" అంటాడు. అప్పుడు ఆపుకోవలసింది బిడ్డ నిద్ర కాదు, తండ్రి ఆసక్తి. ఫలితం మరునాటి పత్రికలో దొరుకుతుంది. హాయిగా ఇల్లు చేరిన బిడ్డ మరొక పోటీకి తానే బయలుదేరదీస్తాడు.