క్రియాపదమైన బెంగుళూరు

మన పల్లెల యువత ఉపాధికై చేరుకొనే బెంగుళూరు ఆంగ్లంలో ఒక క్రియాపదమైన సంగతి పాఠకులలో కొందరికే తెలుసు. 2000 దశకం తొలినాళ్లలో అమెరికా కంపెనీలు సాఫ్ట్‌వేర్, కాల్ సెంటర్ పనులను భారతదేశానికి తరలించగా, కొలువులు పోయిన అక్కడివారు తాము ‘బ్యాంగలోర్డ్’ అయ్యామన్నారు. నగరపు నాటి ఆంగ్ల నామానికి భూతకాల ప్రత్యయం చేర్చిన మాట ఇది. పూర్వం నావికులను మోసగించి ఓడ ఎక్కించడాన్ని చైనా రేవు పేరిట ‘షాంఘైడ్’ అన్నట్టే! అందులో ఆవేదనా ఉంది, బహిరంగ నిరసనా ఉంది. అయితే పని తరలించినది అక్కడి యాజమాన్యాలు. నింద మోసినది మన పొరుగు నగరం. అచట ఒక ఇంట ఆగిన జీతమే ఇచట మరొక ఇంట తొలి జీతమైంది. 2014 నవంబరు 1న నగరం ఆంగ్లంలోనూ అధికారికంగా ‘బెంగళూరు’ అయింది. మనవారికి ఏనాడూ అది బెంగుళూరే! ఆ క్రియ మాత్రం పాత పేరుతోనే నిఘంటువులకెక్కింది.