ఇందూరు వారసులు చదవదగిన జ్ఞాపకాలు

కాల్పనికేతర సాహిత్యం, అంటే కల్పించిన కథను కాక జరిగిన జీవితాన్నీ చరిత్రనూ ఆధారం చేసుకున్న రచన, గత పది పదిహేనేళ్లలో తెలంగాణను గురించి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ విరివిగా వెలువడింది. విదేశాల్లో పుట్టి పెరిగిన, ఇందూరు అని కూడా పిలిచే నిజామాబాదు, బోధన్ ప్రాంతాల కుటుంబాల యువతరం ఆ పుస్తకాల్లో వేటిని ముందు చేతికి తీసుకోవాలన్న ప్రశ్నకు ప్రచురణ సంవత్సరాన్ని చూసి జవాబు చెప్పడం తేలికే గాని, ఒక పుస్తకం ఎవరి మాట వినిపించింది, ఎవరిని వదిలేసింది అని చూసి, ఆ వదిలేసినవారిని పట్టించుకున్న మరో పుస్తకాన్ని దానికి జతచేసి చదవడమే ఎక్కువ ఫలితమిచ్చే పద్ధతి.

ఆ చదువుకు నేపథ్యంగా ఈ సీమ చరిత్ర కొంత తెలియాలి. మంజీర నది మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, సుమారు 2.75 లక్షల ఎకరాల ఆయకట్టుకు, అంటే కాలువ నీరు అందే సాగుభూమికి, ప్రాణం పోసింది. ఆ నీటిని నమ్ముకుని కోస్తా జిల్లాల రైతు కుటుంబాలు వచ్చి స్థిరపడిన ఊళ్లకు క్యాంపులన్న పేరు నేటికీ నిలిచి ఉంది. ఆ నీరే చెరకును పండించింది. 1937లో బోధన్ పక్కన వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా పేరు పొంది, శక్కర్‌నగర్ అనే కార్మిక పట్టణాన్నే తన చుట్టూ పెంచుకుని, 2002లో ప్రభుత్వ, ప్రైవేటు ఉమ్మడి సంస్థ చేతికి మారి, 2015 డిసెంబరులో మూతపడింది.

కర్మాగారం పుట్టిన ఆ 1937లోనే నిజామాబాదులో ఆరవ ఆంధ్రమహాసభ జరిగింది. నిజాం రాజ్యంలో తెలుగువారి భాషా, సాంఘిక హక్కుల కోసం ఏర్పడిన ఆ సంస్థకు ఆ ఏడు అధ్యక్షత వహించిన మందుముల నరసింగరావు, ‘రయ్యత్’ అనే ఉర్దూ పత్రికకు సంపాదకుడు కూడా. ఆయన రాసిన ‘50 సంవత్సరాల హైదరాబాదు’ కొత్త పుస్తకం కాకపోయినా ఈ వరుసలో మొదట నిలవదగినది. సభలు, తీర్మానాలు, ఉర్దూ పత్రికల వాతావరణం, పట్టణ విద్యావంతుల స్నేహాలు అందులో దట్టంగా ఉంటాయి. అయితే అది నాయకులు నాయకులను చూసిన చూపు. సభ ముగిశాక ఊళ్లకు తిరిగి వెళ్లిన శ్రోతల బతుకు అందులో పలచగానే కనిపిస్తుంది.

కవి దాశరథి కృష్ణమాచార్య ‘యాత్రాస్మృతి’ ఆ చూపును పట్టణ సభల నుంచి నిజామాబాదు ఖిల్లా జైలు దాకా తీసుకువెళుతుంది. రఘునాథాలయం ఉన్న గుట్ట మీది ఆ కోటలో నిజాం పాలన చివరి రోజుల్లో ఖైదీగా ఉన్నప్పుడు ఆయన గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామికే తన తొలి కవితా సంపుటి ‘అగ్నిధార’ను అంకితమిచ్చాడు. ఆ వట్టికోట ‘జైలు లోపల’ అనే కథలు రాశాడు. అవి కథలే అయినా, రాజకీయ ఖైదీల పక్కనే బతికిన మామూలు నేరస్థుల జీవితాన్ని దగ్గరగా పట్టించుకున్నాయి గనుక, కవి స్మృతులకు పక్కన పెట్టి చదివితే జైలు జీవితం రెండు విధాలుగా తెరుచుకుంటుంది.

ఈ వరుసలో అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించవలసిన పుస్తకం వై.బి. సత్యనారాయణ రచన. 2011లో ఇంగ్లీషులో ‘మై ఫాదర్ బాలయ్య’గా వెలువడి, తర్వాత ‘మా నాయన బాలయ్య’గా తెలుగులోకి వచ్చిన ఈ కుటుంబ చరిత్ర, కరీంనగర్ ప్రాంతపు ఒక మాదిగ కుటుంబం తరతరాలుగా నడిచిన దారిని చెబుతుంది. మెత్తని తోలుతో చెప్పులు కుట్టి ఇచ్చినందుకు నిజాం నుంచి ఇనాముగా భూమి పొందిన పెద్దకు, ఊరి దొర అందులో చాలా కొద్ది భాగమే దక్కనిచ్చిన వైనంతో మొదలై, రైల్వేలో పనిచేసిన తండ్రి, పిల్లలందరినీ చదివించి తీరాలన్న పట్టుదలతో గడిపిన రోజుల దాకా అది సాగుతుంది. రైల్వే ఉద్యోగం ఇక్కడ జీతానికి మాత్రమే సంబంధించినది కాదు. ఊరి పెత్తనం చేరని చోట ఇల్లు, బదిలీ అయిన ప్రతిచోటా కొత్త బడి దాని వెంట వచ్చాయి. ప్రాజెక్టులనూ కర్మాగారాలనూ రాజులు, ఇంజనీర్ల పేర్లతోనే గుర్తుంచుకునే అలవాటున్న పాఠకులకు, వాటి కింద పనిచేసినవారి దృష్టి ఎంత భిన్నమో ఇది చూపుతుంది.

స్త్రీ శక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’, నిజాం పాలనకూ దొరలకూ ఎదురుగా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను నమోదు చేసింది. నోటితో చెప్పిన జ్ఞాపకాలను చరిత్రకు ఆధారంగా సేకరించే ఈ పద్ధతిని మౌఖిక చరిత్ర అంటారు. దాని వెంట చదవదగిన కొత్త పుస్తకం 2022లో వచ్చిన గీతా రామస్వామి ‘ల్యాండ్, గన్స్, కాస్ట్, ఉమన్’. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ స్థాపకుల్లో ఒకరైన ఆమె, ఇబ్రహీంపట్నం ప్రాంతంలో వెట్టి, అంటే బలవంతపు చాకిరీ చేసే కూలీలతో కలిసి చేసిన భూపోరాటాన్ని తన పొరపాట్లను దాచకుండా చెప్పింది. కార్యకర్తల ఆత్మకథల్లో అలాంటి నిజాయితీ అరుదు.

ప్రవాస పాఠకులకు మరింత దగ్గరగా ఉండేది సుజాత గిడ్ల 2017 నాటి ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేసిన రచయిత్రి, విప్లవ కవి శివసాగర్‌గా పేరొందిన తన మేనమామ కె.జి. సత్యమూర్తితోనూ తల్లితోనూ మాట్లాడి సేకరించిన సంగతులతో దాన్ని నిర్మించింది. పరిశోధన గ్రంథాలకు అలవాటుపడినవారికి సునీల్ పురుషోత్తం ‘ఫ్రమ్ రాజ్ టు రిపబ్లిక్’ (2021) హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైన కాలపు హింసనూ రాజ్య నిర్మాణాన్నీ కలిపి చూపుతుంది. శైలి కాస్త బరువైనదే.

చెరకు సీమ జ్ఞాపకాలు మాత్రం నేటికీ ఎక్కువగా మనుషుల నోళ్లలోనే ఉన్నాయి. నరికిన చెరకు ఎండలో నిలిచేకొద్దీ అందులోని చక్కెర తగ్గుతుంది గనుక, ఎవరి పొలానికి ముందు కోత వంతు వచ్చింది, ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరుసలో ఎన్ని రాత్రులు గడిచాయి, కాటా తూకాన్ని రైతు ఎంతవరకు నమ్మాడు, బాకీ సొమ్ము ఎప్పుడు చేతికందింది అన్న ప్రశ్నలు అక్కడి ఇళ్లలో ఆస్తిపాస్తుల ప్రశ్నలే. తాతలు, నాయనమ్మలు, శక్కర్‌నగర్ క్వార్టర్లలో పెరిగిన పెదనాన్నలు, గల్ఫ్‌కు వెళ్లివచ్చిన బాబాయిలు వీటికి చెప్పే జవాబులు ఒకదానితో ఒకటి పొసగకపోవచ్చు. వాటిని ఫోనులో రికార్డు చేసేవారు, తేదీనీ ఊరి పేరునూ చెప్పినవారి అనుమతినీ నమోదు చేసుకుని, పొసగని చోట్లను సరిదిద్దకుండా అలాగే ఉంచాలి. మౌఖిక చరిత్ర సేకరించేవారు పాటించే ముఖ్య నియమాలు ఇవి.