మీ తర్వాత మీ పిల్లికి అన్నం పెట్టేదెవరు? వసీయత్‌లో రాసుకోవాల్సిన సంగతులు

మణుగూరులో రిటైరైన సింగరేణి కార్మికుడు ఒకాయన ఒంటరిగా ఉంటున్నాడనుకుందాం. భార్య లేదు. కొడుకు సౌదీలో, కూతురు హైదరాబాద్‌లో. ఇంట్లో ఒక పిల్లి, గేటు దగ్గర కాపలాకు ఒక కుక్క, వెనక దొడ్లో రెండు మేకలు. ఒక రాత్రి గుండెనొప్పి వస్తే పక్కింటివాళ్లు తలుపుకి తాళం వేసి భద్రాచలం ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఆయన తిరిగి రాడు. కూతురు వచ్చి, జనాజా అయ్యి, ఇల్లు తేరుకునే సరికి రోజులు గడిచిపోతాయి. మేకల్ని ఎవరో ఒకరు కొనుక్కుంటారు. పిల్లినీ కుక్కనీ ఎవరూ కొనరు.

పెంపుడు జంతువుల పేరిట వీలునామా అంటే పెద్దింటి ముచ్చట అనిపిస్తుంది. రతన్ టాటా 2024 అక్టోబర్ 9న చనిపోయాక ఆయన వీలునామాలో టిటో అనే జర్మన్ షెపర్డ్ కుక్క సంగతి ఉందని దేశమంతా చెప్పుకుంది. కుక్కను చూసుకునే బాధ్యత ఎన్నో ఏళ్లుగా ఇంట్లో వంట చేస్తున్న రాజన్ షాకి అప్పగించారు. జంతువుల కోసం 12 లక్షలు పక్కన పెట్టి, ఒక్కోదానికి మూడు నెలలకోసారి 30 వేలు ఖర్చు చేయమన్నట్టు పత్రికల్లో వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది మొత్తం ఎంతన్నది కాదు. డబ్బు ఒకేసారి ఎవరి చేతిలోనూ పోయలేదు, విడతలుగా ఇవ్వమన్నారు.

కుక్క పేరిట నేరుగా ఎందుకు రాయలేదంటే, మన చట్టంలో జంతువు కూడా ఆస్తే. ఆస్తికి ఆస్తి రాసివ్వడం కుదరదు. 1882 నాటి ట్రస్టుల చట్టం ప్రకారం ఆస్తిని కలిగి ఉండగలిగిన వ్యక్తే లబ్ధిదారు కాగలడు. పట్నా వైపు అఖ్తర్ ఇమామ్ అనే ఏనుగుల ప్రేమికుడు తన వాటా భూమి ఆరెకరాలకు పైగా రెండు ఏనుగులకు రాశారని 2020లో వార్తలొచ్చాయి. వినడానికి బాగుంటుంది గానీ, ఏనుగు పట్టా పట్టుకుని తహసీల్దార్ దగ్గరికి పోలేదు కదా. మధ్యలో మనిషో, సంస్థో ఉండాల్సిందే.

ముస్లిం కుటుంబాలకు ఇంకో లెక్క ఉంది. జనాజా ఖర్చులు, అప్పులు తీరాక మిగిలిన దాంట్లో మూడో వంతు వరకే వసీయత్ చెల్లుతుంది. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పు కిందే లెక్క, ఇది చాలామంది మర్చిపోతారు. మూడో వంతు దాటితే వారసులు ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకోలు కూడా మనిషి పోయాక ఇచ్చేదే లెక్కలోకి వస్తుంది.

అంకెల్లో చూద్దాం. ఆ పెద్దాయన మొత్తం 9 లక్షలు వదిలాడు. జనాజాకి 30 వేలు, అప్పులకు 1 లక్షా 20 వేలు పోతే మిగిలింది ఏడున్నర లక్షలు. అందులో మూడో వంతు రెండున్నర లక్షలు. పిల్లికీ కుక్కకీ కలిపి తిండి, టీకాలు, డాక్టరు ఖర్చు నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు. ఇంకో ఎనిమిదేళ్లు బతుకుతాయనుకుంటే 2 లక్షల 88 వేలు కావాలి. 38 వేలు ఎక్కువైంది. వడ్డీ మీద నడిచే లెక్క మన ఇళ్లలో చాలామంది వేయరు కాబట్టి అసలు మొత్తమే సరిపోవాలి. అంటే నెల ఖర్చు తగ్గించుకోవాలి, లేదంటే పిల్లలతో ముందే మాట్లాడి మనసులో మాట తెలుసుకోవాలి.

ఎవరికి అప్పగించాలన్నది అసలు చిక్కు. సున్నీ పద్ధతిలో వారసుడికి వసీయత్ రాస్తే మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. కూతురు పిల్లిని తీసుకెళ్తానన్నా సరే, ఆ పేరుతో ఆమెకి అదనంగా రాస్తే రేపు తమ్ముడు అభ్యంతరం చెప్పొచ్చు. కోడలు మాత్రం మామకు వారసురాలు కాదు, కాబట్టి ఆమెకు రాయొచ్చు. కొడుకు బతికుండగా మనవడూ అంతే. పక్కింటి హిందూ కుటుంబానికి రాసినా అడ్డు లేదు, ముస్లిమేతరులకు వసీయత్ చెల్లుతుంది. రోజూ కుక్కకి అన్నం పెట్టే పక్కింటి అక్కకంటే మంచి మనిషి దొరకడం కూడా కష్టమే.

అయితే "ఈ డబ్బు నీకు, నా పిల్లిని చూసుకో" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోదు. డబ్బు చెల్లుతుంది, షరతు చెల్లదు అనే వాదన వచ్చే వీలుంది. అందుకే నమ్మకస్తుణ్ణి వసీగా పెట్టి, డబ్బు ఆయన దగ్గర అమానత్‌గా ఉంచి, మూడు నెలలకోసారి ఖర్చు లెక్క చూసి ఇవ్వమని రాయడం మేలు. జంతువు పోయాక మిగిలింది ఎటు పోవాలో, మదరసాకా, పేదలకా, అదీ రాయాలి. వసీయత్‌కి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, నోటి మాటైనా చెల్లుతుంది. కానీ నోటి మాటను కోర్టులో నిరూపించడం ఎంత కష్టమో తగాదా పడ్డ ఇళ్లకే తెలుసు. కాగితం మీద పెట్టి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని, సబ్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకుంటే మంచిది. రాసేముందు ఒక వకీలుకీ ఒక ఆలిమ్‌కీ చూపించుకోవాలి.

ఆరోగ్యంగా ఉన్నప్పుడే హిబా చేసి డబ్బు చేతికి అప్పగిస్తే మూడో వంతు పరిమితి ఉండదు. చావు మంచం మీద ఇచ్చిన హిబాకి మాత్రం మళ్లీ అదే పరిమితి.

మణుగూరు ఏజెన్సీ ప్రాంతం కాబట్టి ఇంకో మాట. ఇక్కడ 1/70 చట్టం ఉంది, గిరిజనేతరుల మధ్య కూడా భూమి అమ్మకాలు చెల్లవు. ఇంటి స్థలం అమ్మి ఆ డబ్బుతో మేపమని రాస్తే వసీ ఇరుక్కుంటాడు. నగదుతోనే ప్లాన్ చేసుకోవాలి. పీఎఫ్‌లో, బ్యాంకులో నామినీ రాశాం కదా అని ధీమా కూడా వద్దు. నామినీ సాధారణంగా డబ్బు తీసుకునే మనిషే, అసలు హక్కు వారసులదే.

అడవి పక్కన ఊళ్లలో పంజరంలో రామచిలుక కనిపించే ఇళ్లూ ఉన్నాయి. దాన్ని ఎవరికీ రాసివ్వలేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పెంచడమే నేరం, అది అటవీశాఖకు అప్పగించాల్సిన పక్షి. లవ్‌బర్డ్స్‌కి ఆ ఇబ్బంది లేదు.

కుక్కను కాపలాకు, మందకు, వేటకు తప్ప పెంచుకోవడం మీద ఉలమాల మాట అందరికీ తెలుసు. ఉన్న కుక్కను ఆకలికి వదిలేయమని మాత్రం ఎవరూ చెప్పలేదు. పిల్లిని కట్టేసి తిండి పెట్టకుండా చంపిన స్త్రీ గతి, దాహంతో ఉన్న కుక్కకి నీళ్లు తాగించిన మనిషికి దొరికిన క్షమాపణ, రెండూ మన పిల్లలు చిన్నప్పుడే విన్న హదీసులు. ఈజిప్టు సుల్తాన్ బైబర్స్ కైరోలో పిల్లుల కోసం ఒక తోటనే రాసిచ్చాడని, ఆ ఆదాయం అయిపోయాక కూడా ఖాజీ కోర్టు ఆవరణలో రోజూ సాయంత్రం పిల్లులకు మేత వేసేవారని 1836లో ఎడ్వర్డ్ లేన్ తన పుస్తకంలో రాశాడు.

మన చట్టమూ ఊరుకోదు. కారణం లేకుండా జంతువును వదిలేసి పోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరమే. మొదటిసారి జరిమానా మాత్రం పది నుంచి యాభై రూపాయలు, అరవై ఏళ్ల కిందటి రేటు.

వసీయత్ తెరిచేది కొన్ని రోజుల తర్వాత. ఆకలి మొదటి రోజే మొదలవుతుంది. అందుకని ఇంటి తాళం చెవి ఒకటి పక్కింట్లో ఇచ్చి పెట్టాలి. పర్సులో ఆధార్ పక్కన ఒక చీటీ ఉండాలి: ఇంట్లో ఎన్ని జంతువులున్నాయి, ఏం తింటాయి, ఎవరికి ఫోన్ చేయాలి. కుక్క టీకా కార్డు, పశువుల డాక్టరు నంబరు ఆ ఇంటివాళ్లకీ తెలియాలి. ఆ మనిషిని ముందే అడిగి ఒప్పించాలి, వసీయత్ చదివే రోజు మొదటిసారి వినేలా చేయకూడదు. ఆయన కాదంటే ఎవరన్న రెండో పేరు కూడా కాగితంలో ఉండాలి.