వేదమునకు స్లావు చుట్టము

రష్యనులు తమకు అంతుపట్టని సంగతి యెదురైనపుడు 'బోగ్ వేస్త్' అందురు. మన 'దేవుని కెఱుక' యను పలుకుబడికి అది అచ్చముగ సరిపోవును. బోగ్ అనగా దేవుడు. వేస్త్ అనగా ఎఱుగును. ఈ ప్రాతరూపము నేడు ఇట్టి ఒకటి రెండు పలుకుబళ్లలో తప్ప వినబడదు. ఇది 'వేదత్' అను క్రియకు చెందినది.

వేదము, విద్య, విద్వాంసుడు అను మాటలెఱిగిన విద్యార్థికి ఈ క్రియ వినగనే చుట్టమును చూచినట్లుండును. చుట్టరికము నిజమే. కాని ధ్వనిసామ్యమొక్కటే దానికి చాలిన సాక్ష్యము కాదు. సంస్కృతమున లిట్టునందు ధాతువునకు ద్విత్వము నియమము: చకార, దదర్శ. 'వేద' యను రూపమునకు ద్విత్వము లేదు, అర్థమా, వర్తమానము. దీనికై పాణిని ప్రత్యేకసూత్రమే చేయవలసి వచ్చినది. గ్రీకు 'ఓయ్ద', గోథిక్కు 'వైట్' అను రూపములదియు ఇదే తీరు. 863లో మొరావియా చేరిన సిరిల్, మెథోడియస్ సోదరులు గ్రంథస్థము చేసిన ప్రాచీన స్లావు భాషలో 'నేనెఱుగుదును' అనుటకు 'వేదే' యందురు. స్లావు భాషలలో ఆ పురాతన లిట్టునకు మిగిలిన ఆనవాలిది యొక్కటే. ఇన్ని భాషలు ఒకే ధాతువునందు ఒకే విధముగ నియమము తప్పుట కాకతాళీయమని యెవరనగలరు?

ధాతువునకు మూలార్థము చూచుట. రష్యనులో 'వీదెత్', లాటినులో 'విదేరె' ఆ యర్థమును నిలుపుకొన్నవి. చూచినవాడే యెఱిగినవాడు. మన 'తెలియు'నకు తెలుపును చెప్పు 'తెలి'తో గల పొత్తు ఇచ్చట స్మరణకు వచ్చును. కుటుంబము వేఱైనను ఊహ నడచిన త్రోవ దగ్గఱిదే.

చెక్కు భాషలో 'వేద' యనగా నేటికిని విజ్ఞానశాస్త్రము. రష్యనులో మాత్రము ఎఱుగుటకు జ్ఞాధాతువు తోబుట్టువైన 'జ్నాత్' వాడుకలోనికి రాగా, 'వేదత్' కచేరీ వ్యవహారములు చూచుకొను పనిలో కుదిరినది. 'వేదొమ్‌స్త్వొ' యనగా ప్రభుత్వశాఖ. పీటరు చక్రవర్తి 1702లో ఆజ్ఞాపింపగా 1703లో వెలువడిన పత్రిక పేరు 'వేదొమొస్తి', అనగా వార్తలు. మంత్రగత్తె 'వేద్మ'. అంతరాత్మ 'సోవెస్త్', తోడి యెఱుక. గ్రీకు పదమును చూచి కూర్చినది.

ఎలుగుబంటిని 'మెద్వేద్' అందురు. తేనె నెఱిగినది గనుక ఆ పేరని తోచుట సహజము. తోచినది తప్పు. అందున్నది విద్ కాదు, తినుట యను అర్థముగల అద్, మధువును తినునది. సంస్కృతపు 'ఋక్ష'తో పోల్చదగిన అసలు పేరు స్లావులకు మిగులలేదు. అడవిలో ఆ పేరెత్తిన మృగమే వచ్చునను భయముచే విడిచిరని పండితుల యూహ. పామును 'పురుగు' అను మన పల్లెవారివలెనే.