కోడ్ నుంచి మోడల్ దాకా

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు నియమాలు రాస్తారు. మెషీన్ లెర్నింగ్‌లో ఆ నియమాలను డేటా నుంచి మోడలే రాబట్టుకుంటుంది. బ్యాంకు లావాదేవీల్లో మోసాన్ని పట్టాలంటే పాత పద్ధతిలో వేళ, ఊరు, మొత్తం, ఫోన్ మార్పు వంటి షరతులన్నీ మనిషే కూర్చుని రాయాలి. కొత్త పద్ధతిలో ఇదివరకటి మోసాలనూ సక్రమ లావాదేవీలనూ మోడల్ ముందు పెడితే వాటి మధ్య తేడాను అదే నేర్చుకుంటుంది. ఈ రంగానికి మారడంలో ఉన్న ఆకర్షణా, కష్టమూ ఇక్కడే ఉన్నాయి.

2012లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్‌స్కెవర్, జెఫ్రీ హింటన్ రూపొందించిన అలెక్స్‌నెట్ మోడల్ బొమ్మలను గుర్తించే ఇమేజ్‌నెట్ పోటీలో 15.3 శాతం తప్పులతో గెలిచింది. రెండో స్థానంలో నిలిచిన జట్టు తప్పులు 26.2 శాతం. ఆటల కోసం అమ్మే గ్రాఫిక్స్ కార్డులు రెండింటితోనే దానికి శిక్షణ ఇచ్చారు. 2015లో టెన్సర్‌ఫ్లో, 2017లో పైటార్చ్ అనే సాఫ్ట్‌వేర్ సాధనాలు అందరికీ ఉచితంగా దొరకడంతో, అవకలజాలను చేత్తో లెక్కగట్టి కోడ్‌గా రాసే అవసరం చాలామందికి తప్పింది. అప్పటిదాకా ఎక్కువగా పరిశోధకులకే పరిమితమైన పని కోడ్ రాసేవారికీ అందింది. 2019లో ఐఐటీ హైదరాబాద్ కృత్రిమ మేధలోనే బీటెక్ మొదలుపెట్టింది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో జావా కోర్సుల పక్కన డేటా సైన్స్ కోర్సులూ వచ్చి చేరాయి.

గణితం గురించి ఉన్న భయం అవసరానికి మించినది. ఇంటర్ ఎంపీసీలో చదివిన మాత్రికలు, సదిశలు, అవకలనం, సంభావ్యతే పునాది. వాటిని మార్కుల కోసం కాక, మోడల్ ఎందుకు తప్పుతోందో తెలుసుకోవడానికి మళ్లీ చదవాలి.

అసలు కష్టం ఆలోచనా విధానం మార్చుకోవడంలో ఉంది. మామూలు ప్రోగ్రామ్‌లో పొరపాటుంటే చాలాసార్లు ఎర్రర్ వస్తుంది, లేదా టెస్ట్ ఫెయిలవుతుంది. మోడల్ మాత్రం తప్పుగా నేర్చుకున్నా ఆగదు, ఏదో ఒక జవాబు ఇస్తూనే ఉంటుంది. వెయ్యి లావాదేవీల్లో పది మోసాలున్నాయనుకుందాం. అన్నీ సక్రమమే అని చెప్పే మోడల్ 99 శాతం కచ్చితమైనదే, కానీ ఎందుకూ పనికిరాదు. అందుకే రెండు కొలతలు కావాలి: మోసమని చెప్పినవాటిలో నిజమైనవెన్ని, ఉన్న మోసాల్లో దొరికినవెన్ని. మొదటిది ప్రెసిషన్, రెండోది రీకాల్. సాధారణంగా ఒకదాన్ని పెంచితే మరొకటి తగ్గుతుంది. ఏది ముఖ్యమో కోడ్ చెప్పదు, నష్టపోయేది ఎవరో ఆలోచించి మనుషులే తేల్చాలి.

అంతకన్నా ప్రమాదకరమైనది డేటా లీకేజీ, అంటే పరీక్షకు దాచిన సమాచారం శిక్షణలోకి జారిపోవడం. ఒకే రోగి ఎక్స్‌రేలు కొన్ని శిక్షణలోకి, కొన్ని పరీక్షలోకి వెళితే, మోడల్ జబ్బుకు బదులు ఆ మనిషినే గుర్తుపట్టవచ్చు. ప్రశ్నపత్రం ముందే చూసినవారికి వచ్చిన మార్కుల్లాంటివే ఆ ఫలితాలు. ఇటువంటి లోపాన్ని వెతికి పట్టగలిగేవారే ఈ రంగంలో నమ్మదగిన ఇంజినీర్లు.

పాత అనుభవం వృథా పోదు. నిజమైన మెషీన్ లెర్నింగ్ వ్యవస్థలో మోడల్ కోడ్ చిన్న భాగమేనని, డేటా సేకరణ, తనిఖీ, సర్వర్లు, పర్యవేక్షణే దాని చుట్టూ పెద్ద భాగమని గూగుల్ పరిశోధకులు 2015లోనే ఒక పత్రంలో చూపించారు. ఆ పెద్ద భాగం సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు అలవాటైన పనే. అందుకే డేటా ఇంజినీరు, ఎంఎల్ (మెషీన్ లెర్నింగ్) ఇంజినీరు, మోడళ్లను నడిపి పర్యవేక్షించే ఎంఎల్ఆప్స్ ఉద్యోగాలు వారికి దగ్గరి దారులు. పరిశోధక ఉద్యోగాలకు మాత్రం చాలాచోట్ల పీహెచ్‌డీ, ప్రచురించిన పత్రాలు అడుగుతారు.

కృత్రిమ మేధ సంస్థ ఓపెన్‌ఏఐ సహవ్యవస్థాపకుడు గ్రెగ్ బ్రాక్‌మన్ కూడా సాఫ్ట్‌వేర్ నుంచే ఇటు వచ్చారు. మళ్లీ కొత్తగా నేర్చుకునేవాడిగా మారడానికి మనసు ఒప్పుకోకపోవడమే తనకు పెద్ద అడ్డంకి అయిందని 2019లో రాశారు. పదేళ్ల అనుభవం ఉన్నవారెందరికో ఎదురయ్యే ఇబ్బందే ఇది.

సర్టిఫికెట్ల కన్నా ఎక్కువ నేర్పేది సొంతంగా చేసిన ఒక ప్రాజెక్టు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసే వినియోగదారుల ఫిర్యాదులను విభాగాలుగా విడదీయడం అలాంటిదే. ఒకే మాటను పదిమంది పది రకాలుగా టైప్ చేస్తారు కాబట్టి, డేటాను శుభ్రం చేయడానికే ఎక్కువ కాలం పడుతుంది. పాత నెలల ఫిర్యాదులతో శిక్షణ ఇచ్చి, తాజా నెలవాటితో పరీక్షించాలి. ముందుగా కీలక పదాలను వెతికే చిన్న ప్రోగ్రామ్ రాసుకుని, మోడల్ దానికన్నా ఎంత మెరుగో కొలవాలి. పెద్ద భాషా మోడల్‌ను ఏపీఐ ద్వారా వాడినా ఈ కొలత తప్పదు. మోడల్ తప్పిన ఫిర్యాదులను ఒక్కొక్కటిగా చదివి కారణాలు రాసుకుంటే, తర్వాత మార్చాల్సింది డేటానా, మోడలా అన్నది తెలుస్తుంది.