మాతృత్వానికి ముందే మధుమేహ నియంత్రణ

1921లో టొరంటో నగరంలో ఇన్సులిన్‌ను కనుగొనక ముందు మధుమేహం గల స్త్రీకి గర్భధారణ ప్రాణగండంగా ఉండేది. నేడు ఆ భయం చాలవరకు తొలగినా జాగ్రత్త తప్పనిసరి.

పిండంలో గుండె, వెన్నుపాము మొదలైన ముఖ్యావయవాలు తొలి 8 వారాలలోనే రూపుదిద్దుకొంటాయి. తాను గర్భవతినని స్త్రీ గ్రహించేసరికే ఆ కాలంలో కొంత గడచిపోతుంది. కనుక రక్తంలోని చక్కెరను గర్భధారణకు ముందే అదుపులోకి తెచ్చుకోవాలి.

తల్లి రక్తంలోని గ్లూకోజు మావిని దాటి శిశువును చేరుతుంది, ఇన్సులిన్ చేరదు. గ్లూకోజు అధికమైతే శిశువు క్లోమం ఇన్సులిన్‌ను అధికంగా స్రవిస్తుంది. ఫలితంగా శిశువు అతిగా బరువు పెరిగి ప్రసవం కష్టమవుతుంది. పుట్టిన వెంటనే శిశువు రక్తంలో చక్కెర పడిపోవచ్చు.

సాధారణంగా గర్భిణి రక్తంలో చక్కెర పరగడుపున డెసిలీటరుకు 95 మిల్లీగ్రాములకు, భోజనం చేసిన 2 గంటలకు 120 మిల్లీగ్రాములకు మించరాదు. సమతులాహారం, నడక, వైద్యులు సూచించిన ఇన్సులిన్ ఇందుకు సాధనాలు.