అడగని ప్రశ్నకు జవాబు

పాత బండి అమ్మేవాడి నోట నిజం ఎంత వస్తుంది? కొనేవాడు అడిగినంత! మన ఊళ్లలో సెకండ్ హ్యాండ్ బేరాలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. అడిగితే చెబుతాం, అడగకపోతే ఊరుకుంటాం. నోటితో అబద్ధమాడలేదు గనుక మన భక్తికి లోటేమీ రాలేదనుకుంటాం. కడియంలో నా పాత మోటార్ సైకిల్ అమ్మకానికి పెట్టేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

అది హీరో హోండా కరిజ్మా. 2003లో ఆ బండి మన దేశంలో విడుదలైనప్పుడు కుర్రకారు కళ్లన్నీ దాని మీదే. 223 సీసీ ఇంజిను, ముందు ఎదురుగాలిని చీల్చే ఫెయిరింగు, ఎంత దూరం వెళ్లినా నడుము పట్టేయని వెడల్పాటి సీటు. వేగానికీ పనికొచ్చేది, దూర ప్రయాణానికీ పనికొచ్చేది. నేను 2008లో కొన్నాను. ఆ రెండు కంపెనీలూ విడిపోతున్నట్టు 2010 చివర్లో ప్రకటించాయి. నా బండి ట్యాంకు మీద మాత్రం ఆ రెండు పేర్లూ ఇంకా కలిసే ఉన్నాయి. నంబరు ప్లేటు మీద ఏపీ 05 అని పాత తూర్పుగోదావరి గుర్తు.

సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. 2023లో తనిఖీ చేయించి మరో 5 ఏళ్లకు రెన్యువల్ చేయించాను. ఆ ఏడాదే ఇంజిను విప్పించాను. సిలిండర్ బోరు చేయించి కొత్త పిస్టను, రింగులు వేయించాను. కామ్ చైను, క్లచ్ ప్లేట్లు, ఫోర్కు ఆయిల్ సీళ్లు, చైను స్ప్రాకెట్, బ్రేకులు, రెండు టైర్లు... అన్నీ కలిపి 22 వేలు దాటింది. పైపైన మాత్రం చెయ్యి పెట్టలేదు. ట్యాంకు మీద గీతలు, ఎండకు వెలిసిన ఎరుపు రంగు, ఫెయిరింగుకు ఎడమవైపు పగులు, సీటుకు రెండుచోట్ల కుట్లు.

పెయింటరొకాయన చూసి, "ఆరు వేలివ్వండి మాస్టారూ, పెళ్లికూతుర్ని చేసి నిలబెడతాను. పదివేలు ఎక్కువ పలుకుతుంది" అన్నాడు. వద్దన్నాను. పరిశుద్ధత ఎక్కువై కాదు, చేతిలో ఆరు వేలు లేక! కానీ కొన్నాళ్లకు ఆ లేమినే గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టాను. "నా బండి ఎలా ఉందో అలాగే ఉంటుంది. దాచేదేమీ లేదు" అని.

సంతలో జరిగేది దీనికి తలకిందులు. పైన రంగు వేస్తారు. లోపల టపటపమనే ఇంజినులో చిక్కటి ఆయిలు పోసి ఆ శబ్దం వినబడకుండా చేస్తారు. మీటరు వెనక్కి తిప్పుతారు. సున్నం కొట్టిన సమాధుల గురించి ప్రభువు మత్తయి సువార్త 23వ అధ్యాయంలో చెప్పిన మాట ఆ బళ్లను చూస్తే గుర్తుకొస్తుంది. నా బండి అలాంటిది కాదు గదా అని లోలోపల మురిసిపోయాను. బయట గీతలున్నా లోపల శుభ్రం! విశ్వాసి బండి ఇలాగే ఉండాలి అనుకున్నాను.

మా అమ్మాయి నర్సింగ్ కాలేజీ ఫీజు గడువు పది రోజుల్లో ఉందనగా బండిని అమ్మకానికి పెట్టాను. 38 వేలు చెప్పాను. మూడోరోజు సాయంత్రం ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి ప్రతి గీతనూ వేలితో తడిమి, "ట్యాంకు పోయిందండి, సీటు పోయిందండి" అన్నాడు. కొనేవాడు బేరంలో సరుకును తీసిపారేసి, కొన్నాక తన తెలివికి తానే మురిసిపోతాడని సామెతల గ్రంథం 20వ అధ్యాయం ఏనాడో పట్టేసింది! నేను నవ్వుకున్నాను. అతను చూడని గీతలు కూడా దగ్గరుండి చూపించాను. పగిలిన ఫెయిరింగు దొరకడం కష్టమన్నాను. ఆయిలు ఎప్పుడు మార్చానో చెప్పాను. కాలవగట్టు మీద ఒక చుట్టు తిప్పి వచ్చి, "ఇంజిను అదిరిందండి మాస్టారూ! 35 వేలిస్తాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్తాను. వచ్చే నెల ఫ్రెండ్స్‌తో మారేడుమిల్లి ఘాట్ ఎక్కి, అటునుంచటే భద్రాచలం వెళ్లాలండి" అన్నాడు.

వెళ్తూ వెళ్తూ, "మీరు చాలా నిజాయితీగా చెప్పారండి. ఇలా ఎవరూ చెప్పరు" అన్నాడు. ఆ మాట ఎంత బాగుందో!

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో దేవునికి స్తోత్రం చెల్లించాను. ఫీజు గడువులోగా కొనేవాణ్ని పంపినందుకు. ప్రార్థన అయ్యాక మా ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"ఆ అబ్బాయికి బండి పడిన సంగతి చెప్పారా?"

"అడగలేదు."

"తను అడగలేదా? మీరు చెప్పలేదా?"

2016లో వేమగిరి దగ్గర హైవే మీద గేదె అడ్డొచ్చి పడ్డాను. ముందు ఫోర్కు వంగింది. హ్యాండిల్ కూర్చునే చోట ఛాసిస్ మెడ కూడా కొంచెం వంగింది. షెడ్డులో సరిచేశారు. మామూలుగా నడిపితే ఏమీ తెలియదు. 80 దాటితే మాత్రం హ్యాండిల్ సన్నగా వణుకుతుంది. కాలవగట్టు మీద 50 దాటే వీలే లేదు గనుక ఆ కుర్రాడికి అది తెలిసే అవకాశం లేదు. నేను 22 వేలు పెట్టి ఇంజిను బాగుచేయించుకున్నానే గానీ, ఆ మెడ జోలికి మళ్లీ పోలేదు.

అప్పుడు నాకు కళ్లు తెరుచుకున్నాయి. కళ్లకు కనబడే గీతలన్నీ చూపించి, ఆ గీతల చాటున అసలు వంకరను దాచాను! గీతలు ఒప్పుకోవడానికి నాకు పైసా ఖర్చు కాలేదు, పైగా నిజాయితీపరుడనే పేరు వచ్చింది. ఆ పేరు వల్లనే ఆ కుర్రాడు ఇంకేమీ అడగలేదు. అంటే నా నిజాయితీనే ముసుగు చేసుకున్నాను. నా మౌనంతో కుదిరిన బేరానికి దేవునికి స్తోత్రం కూడా చెప్పాను!

అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో అననీయ, సప్పీరాలది కూడా ఒక అమ్మకం కథే. పొలం అమ్మారు, డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టారు. తెచ్చిన డబ్బు దొంగ డబ్బు కాదు. కొంత తెచ్చి, అంతా తెచ్చినట్టు కనబడ్డారు, అదీ వాళ్ల పాపం. నేను కొన్ని లోపాలు చెప్పి అన్నీ చెప్పినట్టు కనబడ్డాను. తేడా ఏముంది?

మర్నాడు మా మెకానిక్కు మేస్త్రితో ఈ మాట అంటే, "ఆడు అడగలేదు గదండీ మాస్టారూ! చూసుకుని కొనుక్కోవాల్సిన పని ఆడిది" అన్నాడు. చట్టం కూడా ఇంచుమించు మేస్త్రి వైపే ఉంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, మంచిచెడ్డలు చూసుకోవలసింది కొనేవాడే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను, నిజాన్ని పనిగట్టుకుని దాచడాన్ని మోసమంటుంది. చెప్పి తీరాల్సిన బాధ్యత ఉన్నచోట తప్ప, ఉత్త మౌనాన్ని మోసం అనదు. చట్టం అక్కడ ఆగిపోతుంది. యాకోబు పత్రిక 4వ అధ్యాయం ఆగదు. చేయాల్సిన మంచి తెలిసి ఉండి చేతులు ముడుచుకోవడాన్ని కూడా పాపం లెక్కలోనే వేస్తుంది. కోర్టు అడిగే ప్రశ్న 'ఏం చెప్పావు?' అయితే, దేవుడు అడిగే ప్రశ్న 'ఏం తెలిసి ఊరుకున్నావు?'

ఆదివారం ఆరాధన అయ్యాక కుర్రాడు డబ్బుతో వచ్చాడు. మెడ వంగిన సంగతి, 80 దాటితే వణికే సంగతి చెప్పాను. "ఘాట్ రోడ్డుకు ఇది వద్దు తమ్ముడూ" అన్నాను. అతని చెయ్యి ట్యాంకు మీద నుంచి మెల్లగా జారిపోయింది. "ఆలోచించుకుని ఫోన్ చేస్తానండి" అన్నాడు. ఆ ఫోను రాలేదు. "మొన్ననే చెప్పొచ్చు గదండీ" అని కూడా అనలేదు. అని ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ తర్వాత బండి లోపాలన్నీ తెల్లకాగితం మీద రాసి పెట్టాను. కనబడేవి కింద, కనబడనివి పైన. వచ్చినవాళ్లు మొదటి వరుస చదివి వెళ్లిపోయేవారు. చివరికి బుర్రిలంక నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నర్సరీలో అంటు కట్టే పనివాడు. కాగితం మనవడి చేత చదివించుకుని చాలాసేపు ఊరుకున్నాడు.

"మాస్టారండీ, నా దగ్గర మామిడంటు పట్టుకెళ్లినోళ్లకి అది బంగినపల్లో, నాటుదో మూడు నాలుగేళ్లకి కాపొస్తే గానీ తెలవదండి. అప్పటికి నేనెక్కడ, ఆళ్లెక్కడ? నా మాటే ఆళ్లకి గ్యారంటీ. మీరు ముందే చెప్పారు. నాకు ఎనబైతో పనేముందండి? తెల్లారి నర్సరీకి, పొద్దోయి ఇంటికి. ఆ మెడ ఇంకోసారి షెడ్డులో చూపించుకుని నడుపుకుంటాను" అన్నాడు. చూపించడానికయ్యే ఖర్చు తీసేసి 27 వేలకు ఖాయం చేశాడు.

కాగితాల పని కూడా వాయిదా వేయకుండా ముగించాం. అమ్మినవారు 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి, కొన్నవారు 30 రోజుల్లోగా తమ పేరుకు మార్చుకోవాలి. పేరు మారకముందు ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్నవాడే యజమానిగా బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. బండి ఇచ్చేసి డబ్బు లెక్కపెట్టుకోగానే మన బాధ్యత తీరిపోదు.

నిజం చెప్పినందుకు దేవుడు రెట్టింపు ఇచ్చాడని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ అలా జరగలేదు. ఎనిమిది వేలు తగ్గాయి. ఆ లోటుకు మా ఆవిడ చీటీ నష్టానికి పాడింది. ఫీజు చివరిరోజు కట్టాం.

నన్ను నేటికీ గుచ్చే సంగతి వేరే ఉంది. సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచి ఎన్నిసార్లు "నేను పాపిని, కోపిష్టిని, ప్రార్థనలో బలహీనుణ్ని" అని చెప్పి ఉంటానో! అవన్నీ ట్యాంకు మీది గీతలే. అందరికీ కనబడేవే, అందరికీ ఉన్నవే. వినయస్థుడనే పేరు తెచ్చిపెట్టేవే. తమ్ముడితో తెగని వాటా తగువు, తీర్చకుండా మరిచినట్టు నటించిన అప్పు, ఒకరి మీద మోపి వదిలేసిన నింద... ఆ మెడ వంకర గురించి నోరు విప్పింది ఎన్నిసార్లు? అలాంటివన్నీ నలుగురిలో చెప్పాలని కాదు. ఆ వంకర వల్ల ఎవరు పడే ప్రమాదముందో వాళ్లకైతే చెప్పాలి గదా!

మొన్న కడియం బస్టాండు దగ్గర ఒక బండి నా పక్కన ఆగింది. హెల్మెట్ తీస్తే ఆ కుర్రాడే. వేరే బండి కొన్నాడట. "మారేడుమిల్లి వెళ్లొచ్చామండి మాస్టారూ" అని నమస్కారం పెట్టాడు.

"అందరూ బాగా వచ్చారా?" అని అడిగాను.

"బాగా వచ్చామండి" అన్నాడు.

ఈసారి ఇంటికి వెళ్లి నిజంగానే స్తోత్రం చెప్పుకున్నాను.